వేలు పెట్టి గుండె వాల్వ్ తెరిచారు! రాయవెల్లూరు నుంచి ఆరోగ్యశ్రీ దాకా

 

పోయిన వారం కామెంట్స్‌లో నర్సంపేట నుంచి ఒక తమ్ముడు రాసిండు. "అన్నా, మా అక్కకు 23 ఏండ్లు. మైట్రల్ వాల్వ్ బాగా మూసుకుపోయింది, ఆపరేషన్ చేయాలంటున్నరు. గుండె జబ్బు ముసలోళ్ళకు కదా వచ్చేది, మా అక్కకెందుకు వచ్చింది?" అని. తమ్ముడూ, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చేసి, నాలుగేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు మైక్ ముందు కూర్చున్నవాణ్ణి. మీ అక్కకి ఏ ఆపరేషన్ మంచిదో నేను చెప్పను, అది మీ కార్డియాలజిస్ట్ పని. కానీ "మా అక్కకెందుకు" అన్నావు చూడు, దానికి జవాబు హిస్టరీలో ఉంది. ఆ హిస్టరీలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు కొంచెం బేసిక్స్. టెన్త్ బయాలజీలో అగ్రద్వయ కవాటం అని బట్టీ పట్టాం, గుర్తుందా? ఎడమ కర్ణికకీ ఎడమ జఠరికకీ మధ్య ఉండే తలుపు. దాన్నే డాక్టర్లు మైట్రల్ వాల్వ్ అంటారు. రెండు రెక్కల తలుపు, ఒకవైపే తెరుచుకుంటుంది. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తం ఈ తలుపు దాటితేనే ఒంట్లోకి పోయేది. మామూలుగా ఇది 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. 1.5 కన్నా తగ్గితే సివియర్ అంటారు. 1 చదరపు సెంటీమీటర్ అంటే మీ చిటికెన వేలి గోరు ఎంతుంటుందో అంత. ఒంట్లో రక్తమంతా ఆ సందులోంచే పోవాలి. పోలేక వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. మెట్లెక్కితే దమ్ము, పడుకుంటే దమ్ము, రాత్రి లేచి కూర్చుంటే గానీ ఊపిరి ఆడదు.

ఈ తలుపు ఎందుకు బిగుసుకుపోతుంది? చాలావరకు చిన్నప్పుడు వచ్చిన గొంతు నొప్పి వల్ల. నిజంగా. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా గొంతులో చేరుతుంది. సరైన మందు పడకపోతే కొంతమంది పిల్లల్లో రెండు మూడు వారాలకు జ్వరం, కీళ్ళ వాపులు వస్తాయి. ఒకరోజు మోకాలు, ఇంకోరోజు మోచేయి. దీన్ని రుమాటిక్ ఫీవర్ అంటారు. బ్యాక్టీరియా మీద యుద్ధానికి బయలుదేరిన మన ఇమ్యూనిటీ, పొరపాటున మన వాల్వ్‌నే శత్రువనుకుని కొడుతుంది. ఫ్రెండ్లీ ఫైర్ అన్నమాట. కీళ్ళ వాపు తగ్గిపోతుంది, అందరూ మర్చిపోతారు. వాల్వ్ రెక్కలు మాత్రం మెల్లగా అతుక్కుంటూ, గట్టిపడుతూ పోతాయి.

ఇరుకిళ్ళల్లో పది మంది పడుకునే చోట, గొంతు నొప్పికి డాక్టర్ దగ్గరికి పోయే అలవాటు లేని చోట ఇది ఎక్కువ. యూరప్, అమెరికాలో వందేళ్ళ కింద ఇలాగే ఉండేది. ఇళ్ళు మెరుగుపడ్డాయి, పెన్సిలిన్ వచ్చింది, అక్కడ తగ్గిపోయింది. మన దగ్గర తగ్గలేదు. అక్కడి టెక్స్ట్‌బుక్కుల్లో మాత్రం, రుమాటిక్ ఫీవర్ వచ్చాక వాల్వ్ మూసుకుపోవడానికి ఇరవై ముప్ఫై ఏళ్ళు పడుతుందని రాసి ఉండేది. అంటే నడివయసు జబ్బు. మన డాక్టర్లు అదే పుస్తకం చదివి వార్డులోకి వస్తే, బెడ్ మీద పదిహేనేళ్ళ పిల్ల!

1963లో ఢిల్లీ ఎయిమ్స్ నుంచి సుజయ్ రాయ్ టీమ్ లాన్సెట్ జర్నల్‌లో ఒక పేపర్ వేసింది. ఇండియాలో మైట్రల్ వాల్వ్ జబ్బు ఇరవై ఏళ్ళు నిండకముందే ముదిరిపోతోందని దాని సారాంశం. ఆ పేపర్ రాసినవాళ్ళలో మన వులిమిరి రామలింగస్వామి ఉన్నారు. శ్రీకాకుళం మనిషి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు, తర్వాత ఎయిమ్స్ డైరెక్టర్ అయ్యారు, ఐసీఎంఆర్‌ని నడిపారు. తమ్ముడూ, నీ ప్రశ్న వీళ్ళు అరవై ఏళ్ళ కిందే అడిగారు. మీ అక్క వయసులో ఈ జబ్బు రావడం మన దేశంలో వింత కాదు.

ఇంకో మాట. చాలామంది అమ్మాయిలకి ఇది బయటపడేది తొలి కాన్పులో. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. తలుపు మాత్రం అదే సందు. అప్పటిదాకా "రక్తం తక్కువ, నీరసం" అనుకున్న పిల్లకి ఏడో నెలలో ఒక్కసారిగా ఊపిరాడదు.

సరే, దీనికి ఆపరేషన్ ఎప్పుడు మొదలైంది? ఇక్కడ్నుంచి కథ థ్రిల్లర్.

1902లో లండన్‌లో లాడర్ బ్రంటన్ అనే పెద్ద ఫిజీషియన్, ఈ వాల్వ్‌ని కత్తితో తెరవొచ్చేమో అని రాశాడు. తోటి డాక్టర్లు విరుచుకుపడ్డారు. 1923లో బోస్టన్‌లో ఎలియట్ కట్లర్ ఒక పన్నెండేళ్ళ పాపకి చేశాడు. ఆ పాప నాలుగేళ్ళకు పైగా బతికింది, కానీ ఆ తర్వాతి పేషెంట్లలో దాదాపు అందరూ చనిపోయారు. 1925లో లండన్‌లో హెన్రీ సూటార్ కత్తి పక్కనపెట్టి వేలు వాడాడు. ఎడమ కర్ణికకి చెవి తమ్మెలాంటి చిన్న సంచి ఉంటుంది. దానికి రంధ్రం చేసి, చూపుడు వేలు లోపలికి పోనిచ్చి, కొట్టుకుంటున్న గుండెలో వాల్వ్‌ని తడిమి చూశాడు. ఆ అమ్మాయి కోలుకుంది. ఆపరేషన్ సక్సెస్. మరి రెండో పేషెంట్? ఎవ్వరూ పంపలేదు. గుండె డాక్టర్లు నమ్మలేదు, అంతే. ఇరవై ఏళ్ళకు పైగా ఫైలు మూసేశారు.

మళ్ళీ తెరిచింది ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీ. మొదటి ముగ్గురు పేషెంట్లు చనిపోయారు. ఆస్పత్రులు ఇక చాలు అంటున్నాయి. 1948 జూన్ 10న ఆయన ఒకే రోజు రెండు వేర్వేరు ఆస్పత్రుల్లో రెండు ఆపరేషన్లు పెట్టుకున్నాడు. ఎందుకంటే పొద్దున పేషెంట్ చనిపోతే ఆ వార్త రెండో ఆస్పత్రికి చేరేలోపు ఇంకో ఛాన్స్ ఉండాలని. పొద్దున పేషెంట్ చనిపోయారు. మధ్యాహ్నం 24 ఏళ్ళ యువతి బతికింది. ఆరు రోజుల తర్వాత బోస్టన్‌లో డ్వైట్ హార్కెన్‌కి, ఆ సెప్టెంబర్‌లో లండన్‌లో రసెల్ బ్రాక్‌కి సక్సెస్. బెయిలీని హీరో అనాలా? నాకైతే ఆ పొద్దున పేషెంట్ గుర్తొస్తే ఆ మాట నోట్లోంచి రాదు. ఇవాళ్టి రూల్స్‌లో ఆయన్ని ఆపరేషన్ థియేటర్ గడప తొక్కనివ్వరు. కానీ ఆయన ఆగి ఉంటే ఈ ఆపరేషన్ ఇంకెన్నేళ్ళు వెనక్కి పోయేదో.

ఇప్పుడు మన సైడ్‌కి వద్దాం.

వెల్లూరుని మన పెద్దవాళ్ళు రాయవెల్లూరు అంటారు. చిత్తూరు దాటితే వచ్చేస్తుంది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1949 ప్రాంతంలో రీవ్ బెట్స్ అనే అమెరికన్ సర్జన్ ఛాతీ సర్జరీ డిపార్ట్‌మెంట్ పెట్టాడు. దేశంలో అలాంటివాటిలో అదే మొదటిది. "పెద్ద జబ్బయితే రాయవెల్లూరు తీసుకుపోండి" అనేది తెలుగు ఇళ్ళల్లో ఒక మాటగా స్థిరపడిపోయింది. మన వరంగల్ స్టేషన్ ఢిల్లీ-మద్రాస్ మెయిన్ లైన్ మీద ఉండటం ఇక్కడి వాళ్ళకి కలిసొచ్చింది. మద్రాసు దాకా ఒకే బండి, అక్కణ్ణుంచి కాట్పాడి. దమ్ముతో కూర్చున్న మనిషికి ఆ ప్రయాణం ఎంత దూరమో ఊహించుకోండి.

అక్కడ చేసిన ఆపరేషన్ పేరు క్లోజ్డ్ మైట్రల్ వాల్వాటమీ. సూటార్ వేలు టెక్నిక్కే, ఇంకాస్త పదును పెట్టి. ఎడమవైపు పక్కటెముకల మధ్య కోస్తారు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మెషీన్ ఏదీ లేదు. కర్ణిక సంచిలోంచి ఒక చేతి వేలు లోపలికి. ఇంకో చేత్తో గుండె కొన దగ్గర చిన్న రంధ్రంలోంచి టబ్స్ డైలేటర్ అనే పనిముట్టు. మూసిన గొడుగులా లోపలికి పోయి, వాల్వ్ మధ్యలోకి రాగానే విచ్చుకుంటుంది. అది సరైన చోట ఉందా లేదా చెప్పేది ఆ లోపలి వేలే. కంటికి ఏమీ కనపడదు. రన్నింగ్ సర్వర్ మీద, స్క్రీన్ లేకుండా, లైవ్‌లో ప్యాచ్ వేయడం అనుకోండి. రీస్టార్ట్ బటన్ లేదు.

1983లో వెల్లూరు సర్జన్ స్టాన్లీ జాన్, ఆయన టీమ్ సర్క్యులేషన్ జర్నల్‌లో ఒక లెక్క ఇచ్చారు. వరుసగా 3,724 మంది పేషెంట్లకి ఈ ఆపరేషన్ చేసి, ఏళ్ళ తరబడి ఫాలో అయిన లెక్క. మూడు వేల ఏడు వందల ఇరవై నాలుగు! అమెరికా అప్పటికే ఈ పద్ధతి వదిలేసి మెషీన్లకి మారిపోయింది. వెల్లూరు వదల్లేదు. "పాత పద్ధతి పట్టుకుని వేలాడారు" అని కొందరు అనుకుంటారు. నేనైతే ఒప్పుకోను. హార్ట్-లంగ్ మెషీన్ అక్కర్లేదు, ఖరీదైన సరంజామా అక్కర్లేదు, కృత్రిమ వాల్వ్ కోసం జీవితాంతం వేసుకునే మాత్ర అక్కర్లేదు. అతుక్కున్న రెక్కలు విడిపోతే చాలు, పిల్ల ఇంటికి పోయి పొలం పనికి పోగలదు. మన జేబుకి, మన జబ్బుకి తగ్గ ఇంజనీరింగ్ అది.

కానీ వేలు అన్ని వాల్వులనీ బాగుచేయలేదు. సున్నం పట్టి రాయిలా అయినవి, మూసుకోవడం కూడా మానేసి లీకయ్యేవి, వీటిని కోసి తీసేసి కొత్తవి పెట్టాలి. దానికి గుండె ఆపాలి. 1953లో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషీన్‌తో తొలి సక్సెస్ కొట్టాడు. మన దేశంలో తొలి ఓపెన్ హార్ట్ సక్సెస్‌లలో ఒకటి మళ్ళీ వెల్లూరులోనే, 1961లో, ఎన్. గోపీనాథ్ చేతుల మీదుగా. మరి గుండెలో పెట్టే కొత్త వాల్వ్ ఎవరు చేశారు?

మన బ్యాచ్ వాళ్ళకి ఈ ముక్క నచ్చుతుంది. లోవెల్ ఎడ్వర్డ్స్ అనే రిటైర్డ్ ఇంజనీర్. పంపులు, హైడ్రాలిక్స్ ఆయన ఏరియా. చిన్నప్పుడు ఆయనకీ రుమాటిక్ ఫీవర్ వచ్చింది. 1958లో ఒరెగాన్‌లో ఆల్బర్ట్ స్టార్ అనే కుర్ర సర్జన్ దగ్గరికి పోయి "మనం కృత్రిమ గుండె చేద్దాం" అన్నాడు. స్టార్ "ముందు ఒక్క వాల్వ్ చేద్దాం సార్" అన్నాడు. రిక్వైర్‌మెంట్ తగ్గించడం అంటే ఇదీ. చిన్న బోనులో ఒక బంతి. రక్తం తోస్తే బంతి పక్కకి, వెనక్కి తోస్తే బంతి రంధ్రానికి అడ్డం. 1960 సెప్టెంబర్ 21న ఒక 52 ఏళ్ళ మనిషికి పెట్టారు. ఆయన ఇంకో పదేళ్ళు బతికి, ఇంటికి రంగులేస్తూ నిచ్చెన మీంచి పడి పోయారు. వాల్వ్ మాత్రం ఫెయిల్ కాలేదు.

మన పేషెంట్‌కి ఇక్కడే గోడ అడ్డం వచ్చింది. వాల్వ్ ఉంది, పెట్టే సర్జన్ ఉన్నాడు, కొనే డబ్బు లేదు. ప్రతి వాల్వూ దిగుమతే.

తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎం.ఎస్. వలియాథన్ అనే సర్జన్ "ఇక్కడే చేద్దాం" అన్నాడు. చుట్టూ నవ్వినవాళ్ళే ఎక్కువ ఉండుంటారు. ఒక లెక్క చూడండి. గుండె నిమిషానికి 72 సార్లు అంటే రోజుకి లక్షకు పైగా, ఏడాదికి దాదాపు 3.8 కోట్లు. అన్నిసార్లు తెరుచుకుని మూసుకోవాలి, ఉప్పు రక్తంలో తుప్పు పట్టకూడదు, రక్తం గడ్డకట్టించకూడదు, సర్వీసింగ్‌కి బయటికి తీయలేం. మనం ఐదు వేల యూజర్లకే క్రాష్ అయ్యే యాప్‌లు రిలీజ్ చేస్తాం.

మొదటి మూడు మోడళ్ళూ ఫెయిల్. ఒకదాంట్లో వెల్డ్ చేసిన కమ్మీ విరిగింది. ఇంకోదాంట్లో సఫైర్ బిళ్ళ పెడితే, అది మరీ గట్టిగా ఉండి టైటానియం చట్రాన్నే అరగదీసింది. మూడోదాంట్లో గొర్రె గుండెలో పెట్టాక సఫైర్ బిళ్ళే పగిలింది. ఏళ్ళకేళ్ళు పోయాయి. చివరికి నాలుగో మోడల్. కోబాల్ట్-క్రోమియం మిశ్రలోహపు చట్రం, వెల్డింగ్ లేకుండా ఒకే దిమ్మలోంచి చెక్కింది. దాంట్లో వంగి తెరుచుకునే బిళ్ళ, గట్టి రకం పాలిథిన్‌ది. కృత్రిమ తుంటి కీళ్ళల్లో వాడేదే. ఆ బిళ్ళ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఒకే చోట అరగదు. చుట్టూ కుట్టు వేయడానికి పాలియెస్టర్ గుడ్డ. బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లాబ్‌లో, అంటే విమానాలు టెస్ట్ చేసే చోట, దీన్నీ కోట్లసార్లు కొట్టించి చూశారు.

వెల్డింగ్ గురించి ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, అదే టైమ్‌లో అమెరికాలో బ్యోర్క్-షైలీ అనే పెద్ద కంపెనీ వాల్వ్ ఒక మోడల్, దాదాపు 86,000 మందికి పెట్టాక, వెల్డ్ దగ్గర విరిగి మనుషులు చనిపోతే 1986లో మార్కెట్‌లోంచి తీసేశారు. మనవాళ్ళు విరగ్గొట్టుకున్నది లాబ్‌లో, గొర్రెల్లో.

1990 డిసెంబర్ 6న శ్రీచిత్ర వాల్వ్ మొదటిసారి మనిషి గుండెలో కూర్చుంది. తయారీ టీటీకే గ్రూప్ తీసుకుంది. అవును, మీ వంటింట్లో ప్రెస్టీజ్ కుక్కర్ వాళ్ళే! 1995 నుంచి మార్కెట్‌లో ఉంది, దిగుమతి వాల్వుల కన్నా చాలా తక్కువ ధరకి. ఇప్పటికి లక్షమందికి పైగా గుండెల్లో కొట్టుకుంది. వలియాథన్ గారు 2024 జూలైలో కన్నుమూశారు. రీల్స్‌లో ఎక్కడా కనపడలేదు నాకు.

వాల్వ్ పెట్టాక కథ సుఖాంతం అనుకుంటాం. అక్కడ మా ఇంటి ముచ్చట చెప్పాలి. హనుమకొండలో మా మేనత్తకి మెటల్ వాల్వ్ ఉంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా హైదరాబాద్‌లో పెట్టారు. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే చాలు, మంచం పక్కన కూర్చున్నవాళ్ళకి టిక్ టిక్ వినపడుతుంది. మా చెల్లె చిన్నప్పుడు "అత్త గడియారం మింగింది" అనేది. అత్తకి ఆ చప్పుడు ధైర్యం. ఆమెని విసిగించేది వేరే: మాత్ర, నెలనెలా రక్త పరీక్ష.

మెటల్ వాల్వ్ మీద రక్తం గడ్డ కట్టకుండా వార్ఫరిన్ లాంటి మాత్ర జీవితాంతం వేసుకోవాలి. ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ కట్టి పక్షవాతం, లేదా వాల్వే ఇరుక్కుపోవడం. మధ్యలో సన్న గీత. ఆ గీత కొలిచేదే ఐఎన్‌ఆర్ టెస్ట్. పాలకూర, తోటకూర, గోంగూరలో ఉండే విటమిన్-కె ఈ మాత్రకి ఎదురు పనిచేస్తుంది. మానేయక్కర్లేదు, ఒకరోజు గంపెడు ఒకరోజు సున్నా కాకుండా తింటే చాలు. పెళ్ళికావాల్సిన అమ్మాయికి ఇంకో చిక్కు. మొదటి నెలల్లో ఈ మాత్ర కడుపులో బిడ్డకి హాని చేయొచ్చు. పంది, ఆవు కణజాలంతో చేసిన వాల్వ్ పెడితే జీవితాంతం మాత్ర బాధ ఉండదు, కానీ చిన్న వయసులో అది తొందరగా పాడవుతుంది, మళ్ళీ ఛాతీ తెరవాలి. తమ్ముడూ, మీ అక్క డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న ఇది. పిల్లల గురించి ఆమె ఏమనుకుంటోందో ఆపరేషన్‌కి ముందే చెప్పాలి. సిగ్గుపడి ఊరుకుంటే ఆ లెక్కలోకి ఆమె మాటే రాదు.

కోత లేకుండా కూడా ఒక దారి ఉంది. 1982లో జపాన్ సర్జన్ కాంజీ ఇనోవే తొడ దగ్గర రక్తనాళంలోంచి బెలూన్ పంపి వాల్వ్ తెరిచాడు. వెల్లూరు వేలు చేసిన పనే, బెలూన్‌తో. తలుపు మెత్తగా ఉండి, లీకు లేకుండా, లోపల గడ్డ లేకుండా ఉంటే ఇవాళ మొదట ఆలోచించేది ఇదే. కుదరనివాళ్ళకే సర్జరీ.

ఇక డబ్బు. మన చిన్నప్పుడు ఊళ్ళో "ఫలానావాళ్ళు గుండె ఆపరేషన్‌కి ఎకరం అమ్మిండ్రు" అని వినేవాళ్ళం. 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలై, 2008లో రాష్ట్రమంతా వచ్చింది. వాల్వ్ మార్పిడి ఆ లిస్టులో ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పరిమితి పది లక్షలకు పెంచారు. ఏ పార్టీ అని కామెంట్స్‌లో కొట్టుకోకండి ప్లీజ్. వెల్లూరు రైలు తప్పింది, భూమి మిగిలింది, అది వాస్తవం. మన ఎంజీఎం ఉంది, 1959 నాటి కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, పాత సెంట్రల్ జైలు స్థలంలో పెద్దాస్పత్రికి 2021 జూన్‌లో శంకుస్థాపన అయింది. కానీ ఆపరేషన్ ఒక రోజు, ఐఎన్‌ఆర్ నలభై ఏళ్ళు. ఏటూరునాగారం అవతల తండాలోంచి నెలనెలా టెస్టుకి వచ్చే మనిషికి బస్సు చార్జీ, పోయిన కూలి ఏ కార్డూ ఇవ్వదు.

ఇంత కథలో అన్నిటికన్నా చవకైన ఐటమ్ ఇంకా చెప్పలేదు. ఒకసారి రుమాటిక్ ఫీవర్ వచ్చిన పిల్లలకి మూడు వారాలకోసారి బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్, ఏళ్ళ తరబడి. నొప్పిగా ఉంటుంది, పిల్లలు ఏడుస్తారు, నాలుగు డోసుల తర్వాత ఇంట్లోవాళ్ళు మానేస్తారు. మానేస్తే జ్వరం మళ్ళీ రావొచ్చు, వచ్చిన ప్రతిసారీ వాల్వ్ ఇంకాస్త దెబ్బతింటుంది. 2018 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు మీద ఒక తీర్మానం కూడా చేసింది. మీ ఇంట్లో బడికిపోయే పిల్లకి గొంతు నొప్పి తర్వాత కీళ్ళు ఒకటొకటిగా వాస్తే "పెరిగే నొప్పులు" అనుకోకుండా డాక్టర్‌కి చూపించండి.

లాస్ట్‌గా ఒక పని. వాల్వ్ మార్చినవాళ్ళకి ఒక కార్డు ఇస్తారు. దాని మీద వాల్వ్ కంపెనీ, సైజు, ఏ స్థానంలో పెట్టారో ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే తీసి చూడండి, ఫోన్‌లో ఒక ఫొటో దాచుకోండి, ఎమర్జెన్సీలో పనికొస్తుంది. పేషెంట్ పేరు, సీరియల్ నంబర్ వద్దు, కంపెనీ పేరు ఒక్కటి కామెంట్‌లో రాయండి. మన చిత్ర వాల్వ్ ఎన్ని ఇళ్ళల్లో ఉందో చూద్దాం. నర్సంపేట తమ్ముడూ, అక్క ఆపరేషన్ అయ్యాక నువ్వూ రాయి.